ఓడాక కాదు, ఎంపికప్పుడే అడగాలి

మ్యాచ్ ఓడిన మర్నాడు ఊళ్లో ప్రతి ఒక్కరూ కోచే! టీ కొట్టు దగ్గర ఒకాయన బౌలర్‌ని మార్చకపోవడమే కొంప ముంచిందంటాడు. బస్టాండ్‌లో పేపరు తిరగేస్తున్న ఇంకొకాయన అసలు జట్టు ఎంపికే తప్పంటాడు. ఇంట్లో పెద్దాయన ‘ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీళ్ల వరస’ అంటూ ఒక్కమాటలో తేల్చేస్తాడు. గెలిస్తే మాత్రం ఈ మాటలేవీ వినిపించవు.

తరచి చూస్తే ఈ వాదనలన్నిటి వెనకా ఉన్నవి మూడే ప్రశ్నలు. ఎవరిని ఎంచుకున్నారు? ఎలా ఆడించారు? ఫలితానికి జవాబు ఎవరు చెబుతారు? మన దగ్గర మొదటి రెండింటి మీద ఎంత చర్చైనా నడుస్తుంది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికే అందరూ పక్కవాడి వైపు చూస్తారు. కోచ్‌ని అడిగితే ‘సెలెక్టర్లు ఇచ్చిన జట్టుతోనే ఆడించాను’ అంటాడు. సెలెక్టర్లను అడిగితే ‘మంచి జట్టే ఇచ్చాం, ఆడించడం చేతకాలేదు’ అంటారు. సంఘం పెద్దలు ఆ ఇద్దరి మీదా కమిటీ వేసి ఊరుకుంటారు.

ఈ మూడు పనులూ ఒక్కరి మీదే ఉంటే?

అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ అచ్చంగా అలాగే నడుస్తుంది. బేస్‌బాల్ మన క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటి ఆట. అక్కడి కాలేజీ జట్ల ఆఖరి పోటీలు ఏటా జూన్‌లో ఒమాహా నగరంలో జరుగుతాయి. 1950 నుంచీ వేదిక అదే. అక్కడ హెడ్ కోచ్ అంటే ఆట నేర్పే మాస్టారు మాత్రమే కాదు. హైస్కూలు మైదానాల చుట్టూ తిరిగి కుర్రాళ్లను వెతికేదీ, తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడేదీ, ఎవరికెంత స్కాలర్‌షిప్పో తేల్చేదీ ఆయనా, ఆయన సహాయకులే. మొదటి డివిజన్ జట్టుకు చాలా ఏళ్లపాటు దక్కినవి 11.7 స్కాలర్‌షిప్పులే. వాటినే ముక్కలు చేసి పాతికమందికి పైగా సర్దాల్సి వచ్చేది. 2025లో వచ్చిన కొత్త ఒప్పందంతో ఆ లెక్క పోయి, జట్టుకు 34 మంది అన్న పరిమితి వచ్చింది.

మైదానంలోకి దిగాక తీర్పులన్నీ మళ్లీ ఆ కోచ్‌వే. బంతి విసిరే పిచ్చర్ అలిసిపోయాడు, ఉంచాలా మార్చాలా? ఒక బ్యాట్స్‌మన్ తను ఔటయినా సరే, బంతిని మెల్లగా తట్టి ముందున్నవాడిని ఒక మెట్టు పైకి పంపాలా, లేక బలంగా బాదాలా? వీటి మీద అభిమానులు రాత్రంతా కొట్లాడుకుంటారు. కాని జట్టు వరసగా ఓడితే ఎవరిని అడగాలన్న దానిమీద ఏ గొడవా లేదు. ఎంచుకున్నదీ ఆడించిందీ ఆయనే కాబట్టి కుర్చీ ఖాళీ చేసేదీ ఆయనే.

ఇంత దూరం పోనక్కర్లేదు. ఇలాంటి మనిషి ఒకరు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు, బడిపంతులుగా పనిచేశారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు కోచ్. అంటే ఆటగాళ్లను వెతకడం, ఆడించడం, ఆటను నడిపించడం... మూడూ ఆయన చేతికే వచ్చాయి. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. కలకత్తా మహామహా క్లబ్బులున్న రోజుల్లో!

వెతకడంలో ఆయనది తనదైన పద్ధతి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం ఆట ఆయన కంట్లో పడింది. రోజూ అంత దూరం ప్రాక్టీసుకు రాలేనని ఆ కుర్రాడంటే సైకిలు అద్దెకు డబ్బులిచ్చి మరీ రప్పించారని బలరాం పెద్దయ్యాక చెప్పుకునేవారు. ఆ కుర్రాడే రెండు ఒలింపిక్స్ ఆడాడు. చేతిలో ఉన్న పిల్లలకు కూడా కొత్త కొత్త పోటీలు పెట్టేవారు రహీం. బంతిని తనే నడిపించుకుంటూ పోకుండా వెంటనే అందించేయాలని ఒక పోటీ. అలవాటు లేని కాలితోనే తన్నాలని ఇంకో పోటీ. తన జట్టులో లోపమేమిటో ముందు తనే కనిపెట్టి, దాన్ని సరిదిద్దడానికే ఆట కట్టడమన్నమాట.

మరి ఓడినప్పుడు? 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు రహీం జట్టును తీసుకెళ్లారు. ఆ చలిలో మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడారు. ఉత్తకాళ్లతో ఆడటం మన గొప్ప అనుకునే రోజులు పోయాయి. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మన జట్టు సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ ఎదురైంది మళ్లీ యుగోస్లావియానే. ఈసారి తొలి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడినా, పదికీ నాలుగుకీ మధ్య ఉన్నదే నాలుగేళ్ల కష్టం. నాలుగో స్థానంతో తిరిగొచ్చిన ఆ జట్టును మించిన ఫలితం ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు ఇంతవరకూ రాలేదు.

ఆయన వ్యూహానికి అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత వెనక వరసకు కంచుకోట లాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే పక్కన కూర్చోబెట్టేవారు. రహీం అతన్ని ముందుకు పంపి, గోల్స్ కొట్టే చోట నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు. అందులో ఒక గోల్ జర్నైల్‌దే. ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియా. సెప్టెంబర్ 4న, దాదాపు లక్షమంది జనం మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2-1తో బంగారు పతకం మనదైంది.

ఆ ఎత్తు బెడిసికొట్టి ఉంటే? ‘దెబ్బ తగిలినవాణ్ని, అదీ అలవాటు లేని చోట ఆడిస్తారా’ అని దేశమంతా రహీంనే తిట్టేది. ఆ తిట్టు తనకే తగులుతుందని తెలిసీ ఆయన ఆ పని చేశారు. అప్పటికే ఆయనకు కేన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశారు.

రహీం తీర్చిదిద్దిన ఆట కొన్నాళ్లు మిగిలింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ నయీముద్దీనే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన ఆఖరి పతకం అదే. ఒక మనిషి మీద నిలబడ్డ పద్ధతి ఆ మనిషి పోయాక ఎంతోకాలం నిలవదు. పైగా అందరూ రహీంలు కారు. అన్నీ ఒక్కరి చేతిలో పెడితే ఆ ఒక్కరు తనవాళ్లనే ఎంచుకుంటే దిక్కెవరు?

ఇక్కడే ఇంకో కథ చెప్పుకోవాలి. ఇది మన నిజామాబాద్ అమ్మాయిది.

నిఖత్ జరీన్ 2011లోనే టర్కీలో జూనియర్ ప్రపంచ బాక్సింగ్ విజేత. కామారెడ్డి, ఎల్లారెడ్డి కూడా అప్పట్లో నిజామాబాద్ జిల్లాలోవే. 2019లో ఆమె బరువు విభాగంలోనే మేరీ కోమ్ కూడా పోటీ పడుతోంది. ఆరుసార్లు ప్రపంచ విజేత, దేశానికే గర్వకారణం. ఆ ఏడాది ఆగస్టులో ప్రపంచ పోటీలకు నిఖత్ పాల్గొనాల్సిన ట్రయల్‌ను ఆపి మేరీనే ఎంపిక చేశారు. ఆ పోటీల్లో మేరీ కాంస్యం తెచ్చింది. దాంతో ఒలింపిక్ అర్హత పోటీలకు కూడా ట్రయల్ లేకుండానే పంపాలన్న ఆలోచన వచ్చింది. అక్టోబర్‌లో నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి లేఖ రాసింది. ఆమె అడిగింది జట్టులో చోటు కాదు, ట్రయల్ పెట్టమని మాత్రమే.

‘అంత పెద్ద క్రీడాకారిణికి పరీక్షా?’ అన్నవాళ్లున్నారు. ‘నియమం అందరికీ ఒకటి కాదా?’ అన్నవాళ్లూ ఉన్నారు. మొదటి మాటనూ కొట్టిపారేయలేం. అనుభవానికీ, తెచ్చిన పతకాలకూ విలువ ఉంది. అయితే ఆ విలువ ఎంతో ముందే కాగితం మీద రాసి ఉండాలి. ఆట మధ్యలో లెక్క మారిస్తే గెలిచినవారికీ మచ్చే, ఓడినవారికీ మంటే.

చివరికి డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. నిఖత్ ఓడింది! కాని ఆ ఓటమితో వాదన తెగిపోయింది. ఎవరు మేలో రింగే చెప్పింది. నిఖత్ తిరిగి సాధనలో పడింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం, 2023లో ఢిల్లీలో రెండోసారి ప్రపంచ టైటిల్. ఆ రోజు తలుపు తట్టకుండానే వెనక్కి తిరిగి ఉంటే, ఓడానా లేక ఓడించారా అన్న అనుమానం ఆమెను జీవితాంతం వెంటాడేది.

ఈ రెండు కథలూ కలిపి చూస్తే విషయం తేటపడుతుంది. ఎంచుకున్నవారే జవాబు చెప్పాలి. అది రహీం కథ. ఆ జవాబు ఆట మొదలుకాక ముందే నియమంగా రాసి ఉండాలి. అది నిఖత్ కథ. మొదటిది లేకపోతే బాధ్యత గాలిలో కలిసిపోతుంది. రెండోది లేకపోతే అధికారం ఇష్టారాజ్యం అవుతుంది.

ఇదంతా ఒలింపిక్స్ వాళ్ల గొడవ అనుకుంటే పొరపాటు. పోచారంలోనో ఎల్లారెడ్డిలోనో ఒక పిల్ల కబడ్డీయో ఖోఖోయో బాగా ఆడుతుందనుకుందాం. మండల పోటీలు, ఆపైన జిల్లా, ఆపైన రాష్ట్రం. ప్రతి మెట్టు మీదా సెలెక్షన్సే. అక్కడొచ్చే సర్టిఫికెట్‌తో రేపు స్పోర్ట్స్ కోటాలో సీటు రావచ్చు, ఉద్యోగమూ రావచ్చు. అందుకే ‘మా అమ్మాయిని ఎందుకు తీసుకోలేదు’ అన్న ప్రశ్న తర్వాత తగవుగా మారకముందే, నాలుగు మాటలు మర్యాదగా పీఈటీ సారునో, కాలేజీలో అయితే పీడీ సారునో అడగడం మేలు. సెలెక్షన్స్ ఏ రోజు, ఎక్కడ? దేన్ని చూసి ఎంచుతారు? ఎంచేవాళ్లెవరు? జాబితా నోటీసు బోర్డు మీద పెడతారా?

మంచి సారుకు ఈ ప్రశ్నలు కష్టమనిపించవు. పైగా ఆయనకే అండ. పెద్దల సిఫార్సు ఫోన్లు వచ్చినప్పుడు చూపించడానికి ఆయన చేతిలో ఒక కాగితం ఉంటుంది. అలాగే జాబితాలో పేరు లేని రోజున పిల్ల ముందు సారును తిట్టకుండా, ఎక్కడ తగ్గిందో కనుక్కుని మళ్లీ గ్రౌండుకు పంపడం ఇంట్లోవాళ్ల వంతు. అడిగే హక్కున్నవారికి ఒప్పుకునే బాధ్యతా ఉంటుంది కదా!