పిడికెడు బియ్యము



మన సంఘాలలో తల్లులు వంటకు బియ్యము కొలిచినప్పుడు, కడగకముందే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయుట మీకు తెలిసినదే. ఆదివారము ఆ బియ్యము మందిరమునకు వస్తుంది. పిడికెడు తగ్గినందువలన ఆ పూట ఎవరూ పస్తు పడుకోలేదు. తినగా మిగిలితే వేద్దామనుకుంటే ఆ డబ్బా ఎన్నటికీ నిండదు.

డబ్బు దగ్గరకు వచ్చేసరికి మనము దీనికి తలక్రిందులుగా నడుస్తాము. మేమూ అలాగే నడిచాము, దాచుకోవడమెందుకు? కొన్నేళ్ళ క్రితము మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చిన రోజున ఇంట్లో ఏమీ లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చాము. నెలకు 600 చొప్పున ఏడాదిలో 7,200 వడ్డీకే పోయింది, అసలు కదలలేదు. ఆదివారము పొదుపు గురించి బోధించి, సోమవారము వడ్డీ ఇవ్వడానికి తలవంచుకొని వెళ్ళేవారము. అప్పుడు మా ఇంటావిడ, "ఏమండీ, సంఘానికి తీసే పిడికెడు మన పిల్లకు ఎందుకు తీయలేదు?" అన్నది. జవాబు చెప్పలేకపోయాము. ఆ నెలనుండి చేతికి డబ్బు రాగానే ముందుగా 300 తీసి పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్టు కడుతున్నాము. నెలకు 100 రూపాయలతో కూడా అది మొదలుపెట్టవచ్చును, గడువు ఐదేళ్ళు.

ఈ మాట సాలూరులో ఒక లారీ డ్రైవరు తమ్మునితో చెప్తే, "అయ్యగారూ, మాకు నెల ఎక్కడుందండీ? రాయపూర్ వెళ్ళి వస్తేనే డబ్బు" అన్నాడు. నిజమే. అతనికి ట్రిప్పే నెల. ఇంటికి రాగానే, సంచి పట్టుకొని బజారుకు వెళ్ళకముందే, ఇంత అని భార్య చేతిలో పెట్టాలి. కొండ గ్రామాలవారికి జీడిపిక్కలు, చింతపండు అమ్మిన డబ్బు వేసవిలో ఒక్కసారే వస్తుంది, వానలు పడేనాటికి విత్తనాలకు అప్పు చేస్తారు. 40,000 వచ్చిందనుకోండి. విత్తనాలకు, పిల్లల బడికి 10,000 ముందే విడదీయండి. మిగిలిన 30,000ను పన్నెండుతో భాగిస్తే నెలకు 2,500. ఆ లెక్క పుస్తకములో వ్రాసి, భార్యాభర్తలిద్దరూ చూడాలి. పెళ్ళి పిలుపు వచ్చిననాడు ఆ పుస్తకమే తీయండి.

డ్వాక్రా సంఘాల వలన మన స్త్రీలకు ఎంతో మేలు జరిగింది. 1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపిన తరువాత తాకట్టు లేకుండా అప్పు పుట్టింది. కాని బ్యాంకు ఇచ్చినది రాబడి కాదు, అప్పే. ఒక అప్పు తీర్చడానికి మరొకటి తెచ్చి, వారము వారము వాయిదాలు కట్టలేక మన రాష్ట్రములో ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో 2010లో చూశాము. ఆ యేడు అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

ఇంకొక చిన్న సంగతి. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుండి 70 ఏళ్ళ వయసున్నవారు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరితే ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదములో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఘాటు రోడ్డు మీద బ్రతుకు వెళ్ళదీసేవారి ఇళ్ళలో ఇది తప్పక ఉండాలి. ఏటా జూన్ 1 నుండి కొత్త సంవత్సరము గనుక, మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే బీమా ఆగిపోతుంది. పాసుపుస్తకము బ్యాంకుకు తీసుకువెళ్ళి, కిందటి మే నెలలో ఆ 20 కోత పడినదో లేదో వ్రాయించుకొని చూడండి. చదువు రాని తల్లులు ఆదివారము ఆరాధన తరువాత మా దగ్గరకు తెస్తే మేము చూసి చెప్తాము.