జీడిపప్పు లేదని కొట్టు మూసేస్తారా?

అమలాపురం దగ్గరుండే మా మిత్రుడొకాయన తాతగారు అచ్చు వేయించిన చిన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలనుకున్నారు. మిగిలింది ఒక్కటే ప్రతి. ముట్టుకుంటే పొడైపోతోంది. పేజీలు స్కాన్ చేసి టెసరాక్ట్‌కు ఇచ్చారు. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైపు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇది. 1980ల్లో హెచ్‌పీలో పుట్టింది, 2005 నుంచి అందరికీ ఉచితం. తెరమీద మాత్రం ఇంగ్లీషులో 'ఏ భాషనూ లోడ్ చేయలేకపోయాను' అని వచ్చింది. "దీనికి తెలుగు రాదటండీ" అని ఫోన్లో నిట్టూర్చారు. పని వారం రోజులు మూలపడింది.

తెలుగు దానికి వచ్చు! కాకపోతే తెలుగు ఫైలు విడిగా తెచ్చుకోవాలి. ఇలా కావలసినవాళ్లే చేర్చుకునే భాగాలను ఆప్షనల్ డిపెండెన్సీలంటారు. ఆత్రేయపురం పూతరేకుకు బియ్యపు రేకు, నెయ్యి, తీపి తప్పనిసరి. జీడిపప్పు మీ ఇష్టం. అది లేకపోతే "జీడిపప్పువి లేవండీ, బెల్లంవి ఉన్నాయి" అనాలిగానీ కొట్టు మూసేస్తారా?

మరి ఏం చేయాలి? కంగారుపడకుండా సందేశాన్ని మొదటి వరుస నుంచీ చదవండి. మా మిత్రుడు చివరి వరుసలే చూశారు. 'టెల్' అనే ఫైలు తెరవలేకపోయానని పైనే ఉంది. టెల్ అంటే తెలుగు. ఫోల్డరు దారి సరిచూడమన్న సలహా కూడా పక్కనే ఉంటుంది. కానీ ఫైలే లేనప్పుడు దారి ఎంత సరిచేసినా లాభం లేదు. ముందు 'లిస్ట్ లాంగ్స్' ఆదేశంతో ఏయే భాషలున్నాయో చూసుకోండి. ఉబుంటులో తెలుగు ప్యాకేజీ విడిగా దొరుకుతుంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అదనపు భాషల్లో తెలుగుకు టిక్ పెట్టాలి.

ఇంకో సంగతి. భాష చెప్పకపోతే టెసరాక్ట్ ఇంగ్లీషే అనుకుంటుంది. తెలుగు పేజీని అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి ఇస్తుంది. తప్పని ఒక్క ముక్కా చెప్పదు. తికమక సందేశం కన్నా ఈ మౌనం ప్రమాదం. చూసుకోకుండా అసలు పుస్తకం అటకెక్కిస్తే అంతే సంగతులు.

ప్రోగ్రాములు రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఐచ్ఛిక భాగం కోసం మొదట్లోనే పట్టుబట్టకండి. అవసరం వచ్చినప్పుడు వెతకండి. దొరక్కపోతే ఏది లేదో, దేనికి కావాలో, ఎలా తెచ్చుకోవాలో చెప్పండి. పైథాన్‌లో పాండాస్ ఆ పనే చేస్తుంది. ఎక్సెల్ ఫైలు చదవడానికి ఓపెన్‌పైఎక్సెల్ లేకపోతే, దాని పేరు చెప్పి పిప్‌తోనో కోండాతోనో తెచ్చుకోమంటుంది. పేర్లు తేడాగా ఉన్నచోట మరీ జాగ్రత్త. 'పీఐఎల్ లేదు' అంటే తెచ్చుకోవలసింది పిల్లో అని కొత్తవాళ్లకేం తెలుస్తుంది? ప్రతి తప్పునూ 'ఇన్‌స్టాల్ కాలేదు' అనే ఒక్క మాటకింద కప్పేయకండి. ఉన్నదే పాడైతే అసలు కారణం దాగిపోతుంది.

తెలుగు ఫైలు చేర్చాక మా మిత్రుడికి మొదటి పేజీ వచ్చింది. తప్పులున్నాయి, దిద్దుకుంటున్నారు. తాతగారి మాటలు మాత్రం తెలుగులోనే ఉన్నాయి.