తస్వీరు వెనుక పేరు

చేతిలో ఫోను ఉన్న ప్రతి విద్యార్థీ నేడు ఛాయాగ్రాహకుడే. తీసిన చిత్రాలలో మిగిలేవి ఎన్ని అన్నదే మా ప్రశ్న.

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరినవి. గాజు పలకను చూచుటకు వెలుతురు చాలును. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన డిజిటల్ కెమెరా ఒక్కొక్క చిత్రమును 23 సెకన్లలో క్యాసెట్టుపై ఎక్కించెడిది. దానిని చదివే యంత్రము లేకున్న చిత్రమూ లేనట్లే. మన ఫోను చిత్రాల గతియు అంతే. వేరొకచోట నకలున్నది గదా అనవచ్చును. నకలున్నను, అందులోని వారెవరో చెప్పువారుండవలెను గదా!

నెల్లిమర్ల జూట్ మిల్లులో చెమటోడ్చిన పెద్దల ముఖాలు, రామతీర్థం కొండపై బౌద్ధ శిథిలాలు ఫోనుతోపాటు పోవలసినవి కావు. సోదర విద్యార్థులు ఏటా పది చిత్రాలైనా, మనుషులవైతే వారి అనుమతితో తీసి, కాగితంపై అచ్చు వేయించి, వెనుక పేరు, ఊరు, తేదీ తెలుగులోను ఉర్దూలోను పెన్సిలుతో వ్రాయవలెను. వాటికి గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించవలసినదిగా కళాశాల కార్యవర్గము వారిని కోరుచున్నాము.

పేరు వ్రాయని తస్వీరులో సొంత తాతయైనను మనుమనికి అపరిచితుడే.