టికెట్టు కలిపిన మేయరు

1926లో ఎర్నెస్ట్ రాయిటర్ బెర్లిన్ నగరపాలక సంస్థలో రవాణా బాధ్యత తీసుకునేనాటికి అక్కడ ట్రాము ఒక కంపెనీది, బస్సు ఇంకొకరిది, భూగర్భ రైలు మరొకరిది. మరుసటి ఏడాదికల్లా ఒకే టికెట్టుతో ట్రాము దిగి రైలెక్కే వీలు కల్పించాడు. 1929 జనవరి 1 నుంచి మూడూ బీవీజీ అనే ఒకే సంస్థ కిందికి వచ్చాయి. బెర్లిన్‌ను ఈనాటికీ తిప్పుతున్నది ఆ సంస్థే.

చరిత్ర పుస్తకాల్లో మాత్రం రాయిటర్ అంటే ఒక ఉపన్యాసం. అది ఆయనకు సగం న్యాయమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు బందీగా చిక్కినవాడు, విప్లవం వచ్చాక లెనిన్ ప్రభుత్వం తరఫున వోల్గా తీరపు జర్మన్ల ప్రాంతంలో కమిసార్‌గా పనిచేశాడు. తిరిగొచ్చి 1921లో జర్మన్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. కొద్ది నెలలకే ఆ పార్టీతో తెగిపోయింది, సోషల్ డెమొక్రాట్లలో చేరాడు. 1931లో మాగ్డెబుర్గ్ మేయరు. 1933లో నాజీలు పదవి ఊడబీకి రెండుసార్లు లిష్టెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. ప్రాణాలతో బయటపడి 1935లో టర్కీ చేరాడు. అంకారాలో ఊరకే కూర్చోలేదు. టర్కిష్ నేర్చుకుని, కాబోయే అధికారులకు నగర నిర్మాణం, పురపాలన పాఠాలు చెప్పాడు. ప్రవాసంలో కూడా నీళ్లూ రోడ్లూ ఇళ్ల గురించే ఆలోచించిన మనిషి!

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బెర్లిన్ తిరిగొచ్చాడు. 1947 జూన్ 24న నగర సభ ఆయన్ను మేయరుగా ఎన్నుకుంది. యుద్ధం గెలిచి నగరాన్ని పంచుకున్న దేశాల్లో ఒకరైన సోవియట్లు ఒప్పుకోలేదు. ఆయన బదులు లూయిజె ష్రోడర్ నగరాన్ని నడిపింది. సరిగ్గా ఏడాదికి, 1948 జూన్ 24న, పశ్చిమ బెర్లిన్‌కు రైలు, రోడ్డు, పడవ దారులన్నీ సోవియట్లు మూసేసి నగరాన్ని దిగ్బంధించారు. ఇరవై లక్షలమందికి పైగా జనాన్ని విమానాలతో పోషించడం సాధ్యమని రాయిటర్ కూడా మొదట నమ్మలేదు. జనం తట్టుకుంటారని మాత్రం నమ్మాడు. కరెంటు రోజుకు కొన్ని గంటలే. విమానాల్లో వచ్చిన సరుకులో ఎక్కువ భాగం తిండి కాదు, బొగ్గు. సెప్టెంబర్ 9న శిథిలమైన రైష్‌టాగ్ ముందు లక్షలమంది ఎదుట నిలబడి, ఈ నగరాన్ని వదిలెయ్యొద్దని ఆయన ప్రపంచాన్ని కోరాడు. ఆ గొంతుకు అంత బలం ఎక్కడిదంటే, బొగ్గు ఆగితే నగరంలో ఏవేవి ఆగుతాయో రవాణా నడిపిన ఆయనకు బాగా తెలుసు. ఆ డిసెంబరులో ఆయన పార్టీకి పశ్చిమ బెర్లిన్‌లో 64.5 శాతం ఓట్లు పడ్డాయి, ఆయన అక్కడ మేయరయ్యాడు.

1949 మే 12న దిగ్బంధం తొలగింది. దారులు తెరుచుకున్నాయి గానీ ఉద్యోగాలు రాలేదు. 1950 డిసెంబర్ ఎన్నికల్లో పార్టీ ఓటు 44.7 శాతానికి పడిపోయింది. నగరాన్ని నిలబెట్టిన మనిషికి ఇది అన్యాయమని ఆయన అభిమానులకు అనిపించి ఉండొచ్చు. ఓటరు తప్పేమీ లేదు, పని లేని ఇంట్లో నిరుటి ధైర్యంతో పొయ్యి వెలగదు. రాయిటర్ ప్రత్యర్థి పార్టీలతో కలిసి కొత్త ప్రభుత్వం నడిపాడు. 1953 సెప్టెంబర్ 29న, 64 ఏళ్ల వయసులో, మేయరు పదవిలో ఉండగానే కన్నుమూశాడు.