హలబ్జా నుండి పత్తి చేల వరకు

1988 మార్చి 16న ఇరాక్‌లోని హలబ్జా పట్టణంపై సద్దాం హుస్సేన్ విమానాలు విషవాయువులను కురిపించాయి. సుమారు 5,000 మంది కుర్దులు అసువులు బాశారు. చంపించినవాడు ముస్లిం పాలకుడే, చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలే. నాడు అగ్రరాజ్యాలు తమ ప్రయోజనాలు చూసుకుని దోషిని గట్టిగా నిలదీయలేదు. హంతకుని పేరును బట్టి అన్యాయాన్ని తూచే తప్పును మనమూ చేయరాదు.

ఈ అమానుషత్వం పాతదే. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మనీ క్లోరిన్ వాయువును వదిలింది. నాలుగు రోజుల తరువాత అదే రంగంలో లాహోర్ డివిజన్‌కు చెందిన భారత సైనికులు రక్షణ ముసుగులైనా లేకుండా ఆ వాయువుకు గురయ్యారు. తరువాత వచ్చిన మస్టర్డ్ వాయువు చర్మాన్ని బొబ్బలెక్కించి, కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇరాక్ ప్రయోగించిన ఈ వాయువు బారిన పడిన ఇరాన్ పౌరులు దశాబ్దాల తరువాత కూడా ఆయాసంతో బాధపడ్డారు. 1925 జెనీవా ఒప్పందం ప్రయోగాన్ని నిషేధించినా, తయారీని ఆపలేదు. 1997లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ఆ లోటును పూడ్చింది. భారతదేశం తన నిల్వలను ప్రకటించి, 2009 నాటికి పూర్తిగా ధ్వంసం చేసింది.

నెల్లికుదురు పాఠకునికి ఇదంతా దూరదేశపు ముచ్చటగా తోచవచ్చు. కాని 1936లో జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ ష్రేడర్ పురుగుమందు కోసం వెదుకుతూనే టాబున్ అనే నాడీవిషాన్ని కనుగొన్నాడు. పత్తి చేలలో కొట్టిన మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ ఆ ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబానివే. తీవ్రతలో ఎంతో తేడా ఉన్నా దెబ్బతీసే తీరు ఒకటే: నాడులను అదుపు చేసే ఎంజైమ్ స్తంభిస్తుంది, కంటిపాపలు కుంచించుకుపోతాయి, నోట నురగ వస్తుంది, కండరాలు అదురుతాయి, చివరకు శ్వాస ఆగుతుంది. రెండింటికీ మొదటి విరుగుడు అట్రోపిన్ సూదిమందే.

1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో అప్పులపాలైన పత్తి రైతులెందరో ఈ పురుగుమందులే తాగి ప్రాణాలు తీసుకున్నారు. మందు కొట్టే కూలీ నేటికీ ముఖానికి తువ్వాలు చుట్టుకునే చేలోకి దిగుతున్నాడు.

కనుక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్ నిత్యం అందుబాటులో ఉండాలి. కూలీలకు చేతి తొడుగులు, ముసుగులు ఇవ్వడం యజమాని బాధ్యత కావాలి. జుమా నమాజు తరువాత మసీదులోనూ, గ్రామసభలోనూ ఈ జాగ్రత్తలు చెప్పుకోవాలి. హలబ్జా మృతుల కోసం దుఆ చేసే చేతులే మన చేలలోని కూలీ ప్రాణానికీ అడ్డుపడాలి.