పాలియెస్టర్ అద్దకంలో ద్రావణీయత: సిఫారసుకు ముందు పరిశీలన అవసరం

మొక్కజొన్న, చెరకు, కర్రపెండలం వంటి పంటల నుండి లభించే చక్కెరలను పులియబెట్టి తయారుచేసే పాలిలాక్టిక్ ఆమ్లపు పోగు నేడు పర్యావరణహితమైన వస్త్రముడిసరుకుగా ప్రాచుర్యం పొందుతున్నది. పంటతో సంబంధం ఉన్నందున వ్యవసాయ విస్తరణ రంగానికి కూడా దీనిపై ఆసక్తి సహజమే. అయితే పోగు జీవవిచ్ఛిన్నమైనంత మాత్రాన దానిపై చేసే అద్దకం కూడా హితకరం కాజాలదు. సాధారణ పాలియెస్టర్‌కు వాడే అద్దకపు పద్ధతినే దీనికీ సిఫారసు చేస్తే పోగు బలహీనపడుతుంది, రంగు వృథా అవుతుంది, ఆ వృథా రంగు నీటిలో కలుస్తుంది. ఈ మూడింటికీ మూలం ద్రావణీయత.

ఈ విషయం ప్రాంతీయ అద్దకపువారికి కొత్తది కాదు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానికి పొరుగునే ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక, తేలియా రుమాళ్లకు ప్రసిద్ధి. అక్కడ నూలును నూనెతోను, ఆముదపు కాయల పొట్టు బూడిద నుండి తీసిన క్షారంతోను పలుమార్లు శుద్ధిచేసి, ఆ పిదప అలిజరిన్ రంగు అద్దడం సంప్రదాయం. అలిజరిన్ మామూలు నీటిలో అతి స్వల్పంగా కరుగుతుంది. పటిక వంటి అల్యూమినియం లవణంతో కలిసినపుడు కరగని ఎర్రని సమ్మేళనంగా నూలులో స్థిరపడుతుంది. కొంతైనా కరగనిదే రంగు పోగులోనికి ప్రవేశించదు. ప్రవేశించిన పిదప సులభంగా కరిగేదైతే ఉతుకులో నిలువదు. అద్దకశాస్త్రమంతా ఈ రెండు అవసరాల మధ్య సమతౌల్యమే.

1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ రూపొందించిన పాలియెస్టర్ నీటిని దాదాపు పీల్చదు. నూలుకు పట్టే రంగులు దీనికి పట్టవు. దీనికి వాడే డిస్పర్స్ రంగులు నీటిలో అతి తక్కువగా కరిగి, అధికభాగం సన్నని రేణువులుగా తేలియాడుతుంటాయి. కరిగిన అణువులు మాత్రమే పోగులోనికి చేరగలవు. అవి చేరినకొద్దీ రేణువుల నుండి మరికొన్ని అణువులు నీటిలో కరుగుతాయి. చివరకు రంగు పోగులోనే కరిగి ఒక ఘన ద్రావణంగా నిలుస్తుంది. ఒత్తిడితో కూడిన పాత్రలో సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయడం వలన రంగు ద్రావణీయత పెరుగుతుంది, పోగులోని అణుశృంఖలాలు సడలి దారి ఇస్తాయి. రేణువులను విడదీసి ఉంచే సహాయక రసాయనాన్ని అతిగా వాడితే మాత్రం రంగు నీటిలోనే ఉండిపోతుంది. కఠినజలంలో రేణువులు గుమికూడి మచ్చలు ఏర్పడే ప్రమాదం కూడా ఉన్నది. కనుక బోరునీటిపై ఆధారపడేచోట నీటి కాఠిన్యాన్ని ముందుగా పరీక్షించడం అవసరం.

పాలిలాక్టిక్ ఆమ్లం కూడా పాలియెస్టర్ కుటుంబానికి చెందినదే, కాని దాని స్వభావం వేరు. సాధారణ పాలియెస్టర్ సుమారు 260 డిగ్రీల వద్ద కరిగితే, ఇది 170 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది. దీనికి సుమారు 110 డిగ్రీల వద్ద, ఆమ్లత సూచి 5 ఉన్న తొట్టిలో, అరగంటపాటు అద్దకం సరిపోతుంది. 130 డిగ్రీలకు తీసుకువెళ్లినా, క్షారం తగిలినా ఎస్టర్ బంధాలు తెగి పోగు బలం తగ్గుతుంది. సాధారణ పాలియెస్టర్‌లోని బెంజీన్ వలయాలు రంగు అణువులను ఆకర్షిస్తాయి; ఈ పోగులో అట్టి వలయాలు లేవు. అందుచేత అనేక డిస్పర్స్ రంగులు ఇందులో తక్కువగా కరుగుతాయి. మిగిలినది తొట్టినీటిలో ఉండిపోతుంది.

ఇక్కడ కన్ను కూడా మోసపోతుంది. ఈ పోగు వక్రీభవన గుణకం తక్కువ కావడం వలన తక్కువ రంగు చేరినా ఛాయ గాఢంగా కనిపిస్తుంది. గుడ్డను చూసి అద్దకం బాగున్నదనుకొనేవారు తొట్టిలో మిగిలినదాన్ని గమనించరు. నూలుతో కలిపి నేసిన గుడ్డలో మరొక చిక్కు ఉన్నది: నూలుకు వాడే రియాక్టివ్ రంగులు స్థిరపడడానికి క్షారం కావాలి, ఆ క్షారమే పాలిలాక్టిక్ పోగుకు హాని చేస్తుంది.

పోగు మట్టిలో కలిసిపోతుందన్న ప్రచారానికి కూడా పరిమితి ఉన్నది. సుమారు 60 డిగ్రీల వేడి నిలిచే పారిశ్రామిక కంపోస్టులో అది త్వరగా విచ్ఛిన్నమవుతుంది. మామూలు చేనుమట్టిలో ఆ వేగం ఉండదు. దానిపై అద్దిన అజో, ఆంత్రాక్వినోన్ రంగులకు పోగు యొక్క జీవవిచ్ఛిన్న గుణం సంక్రమించదు. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్దచెరువు గల ఇబ్రహీంపట్నం వంటిచోట, శుద్ధి చేయని అద్దకపు నీరు కాలువలోకి వదిలితే అది పల్లానికే చేరుతుంది. చెరువు క్రింద సాగుచేసే రైతుకు ఆ గుడ్డ మీది పర్యావరణహితమన్న ముద్ర వలన ఒరిగేదేమీ లేదు.

సహజవర్ణాలే పరిష్కారమనేవారి వాదనలో కొంత సత్యం ఉన్నది. పసుపులోని కుర్కుమిన్, గోరింటాకులోని లాసోన్ నీటిలో స్వల్పంగా కరుగుతూ డిస్పర్స్ రంగుల వలెనే పాలియెస్టర్‌లోనికి చేరగలవు. కాని పసుపు వర్ణం ఎండకు త్వరగా వెలుస్తుంది. సహజమన్న మాట పరీక్షకు ప్రత్యామ్నాయం కారాదు.

కావున మహిళాసంఘాలకు గాని, చిన్న అద్దకపు కేంద్రాలకు గాని ఒక పద్ధతిని సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు రంగు పేరు, ఉష్ణోగ్రత, ఆమ్లత, నీటి కాఠిన్యం, పోగు చేకొన్న రంగు శాతం, అద్దకానికి ముందు వెనుకల పోగు బలం, ఉతుకుకు, వెలుతురుకు నిలకడ అనే వివరాలన్నీ నమోదు చేయవలెను. విద్యార్థులు ఒకే రంగును రెండు పోగులపై అద్ది, మిగిలిన తొట్టినీటిని ఎసిటోన్‌లో కరిగించి స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిస్తే తేడా స్పష్టమవుతుంది. నీటిలో తేలియాడే రేణువులను యథాతథంగా కొలిస్తే ఫలితం తప్పుతుంది. గుడ్డకు ఎంత రంగు పట్టినదన్న లెక్కతో పాటు నీటిలో ఎంత మిగిలినదన్న లెక్క కూడా ఉన్నప్పుడే ఆ సిఫారసు సంపూర్ణమవుతుంది.