మొక్క వంగడానికి నేల కావాలి

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్ జరిగిన మరునాడు దేశ రాజధానిలో వెలువడిన అభినందన ప్రకటనలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. త్రిపుర యువతి దీపా కర్మాకర్ 0.15 పాయింటు తేడాతో కాంస్యపతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆమెను కొనియాడని నాయకుడు లేడు. కాని అగర్తలాలో ఆరేళ్ళ పసిపిల్లగా ఆమె సాధన ఆరంభించిన నాడు ఆ వ్యాయామశాలలో సరైన పరికరాలు ఉన్నవా లేవా అని అడిగినవారు ఢిల్లీలో ఎవరూ లేరు. పైగా మన జిమ్నాస్టిక్స్ సమాఖ్య అంతర్గత కలహాల ఫలితంగా ఏళ్ళ తరబడి ప్రభుత్వ గుర్తింపు లేకుండా ఉండి, 2021లో గాని దానిని తిరిగి పొందలేదు. ఆ కాలంలో ఆమెను నిలబెట్టింది బిశ్వేశ్వర్ నంది అనే శిక్షకుని పట్టుదల.

ఇప్పుడు ఈ ప్రస్తావన తేవడానికి కారణం బస్తర్. అక్కడ అదే కథ మళ్ళీ నడుస్తున్నది. అబూజ్‌మఢ్ అడవి అంచున నారాయణ్‌పూర్‌లో మనోజ్ ప్రసాద్ అనే ఛత్తీస్‌గఢ్ పోలీసు జవాను గిరిజన బాలబాలికలకు మల్లఖంబ్ నేర్పుతున్నారు. నిలువుగా పాతిన నున్నని కొయ్యస్తంభానికి ఆముదం రాసి, దానిమీద శరీరాన్ని విల్లులా వంచి చేసే ఈ విద్య మన దేశపు జిమ్నాస్టిక్స్. శిక్షకునికి ఆధారం తన జీతం, పిల్లలకు ఆధారం ఆ శిక్షకుడు. ఆ పిల్లలు 2023 నవంబరులో ఒక జాతీయ టెలివిజన్ పోటీలో విజేతలై 20 లక్షల రూపాయల బహుమానం గెలిచారు. ఆ తర్వాత శాలువాలకు కొదవ లేకపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత నాకు అప్పుడే గుర్తుకు వచ్చింది.

నన్ను నేను కూడా ఈ నిందలోనుంచి తప్పించుకోలేను. 2024 డిసెంబరులో జగదల్‌పూర్‌లో ‘బస్తర్ ఒలింపిక్స్’ ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా వెళ్ళారు. 1 లక్షా 65 వేల మంది పేర్లు నమోదు చేసుకున్నారనీ, లొంగిపోయిన మావోయిస్టులూ, మందుపాతరల పేలుళ్ళలో అవయవాలు కోల్పోయినవారూ పాల్గొన్నారనీ ప్రభుత్వం ప్రకటించింది. నేను పంపిన వార్తలో మంత్రి ప్రసంగానికి నాలుగు పేరాలు దక్కాయి, పిల్లలకు ఒక్క వాక్యం దక్కింది. మావోయిజం ఎప్పటికి అంతరిస్తుందన్న ప్రశ్న మాకు ప్రధానమైపోయింది. పోటీలు ముగిసిన మరునాడు ఆ పిల్లలు ఎక్కడ సాధన చేస్తారన్న ప్రశ్న నాకు తోచనేలేదు.

తెలుగువారికి జగదల్‌పూర్ పరాయి ఊరు కాదు. ఓరుగల్లు పతనానంతరం ఇంద్రావతి తీరం చేరిన కాకతీయ అన్నమదేవుని వంశస్థుల రాజధాని అది. ఇంద్రావతి వచ్చి కలిసేది మన గోదావరిలోనే. 2025 మేలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాసి నంబాల కేశవరావు హతుడైనది ఆ అబూజ్‌మఢ్ అడవులలోనే. విశాఖపట్నం నుంచి కిరండూల్ బండిలో జగదల్‌పూర్ వెళ్ళినవారికి ఇనుపరాయి నింపుకుని ఎదురువచ్చే గూడ్సు బండ్లు పరిచితమైన దృశ్యం. 1960ల నుంచి బైలాడిల్లా కొండల ఇనుము ఈ దారినే సముద్రానికి దిగివస్తున్నది. జగదల్‌పూర్ పక్కనే నగర్నార్‌లో 2023లో ఉక్కు కర్మాగారం కూడా ప్రారంభమైంది. ఇంత ఇనుము పుట్టే నేలపై పిల్లలు పట్టుకుని ఊగడానికి నాలుగు కమ్మీలు సమకూర్చడం అసాధ్యమని ఎవరు నమ్ముతారు?

బడికి పంతులు రాని చోట, మలేరియా పీడించే చోట జిమ్నాస్టిక్స్ ఎందుకని కొందరు మిత్రులు ఆక్షేపిస్తారు. ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. అయితే ఈ విద్య స్వభావం ఎరిగినవారు దీనిని బడికీ అన్నానికీ పోటీగా భావించరు. పరుగెత్తి వచ్చి గాలిలో గిరికీలు కొట్టే పిల్ల నేలకు దిగినప్పుడు ఆమె బరువుకు అనేక రెట్ల భారం చీలమండలపై, మోకాళ్ళపై పడుతుంది. దాన్ని తట్టుకోవడానికి రోజూ పాలు, గుడ్లు, పప్పు కావాలి, దళసరి పరుపులు కావాలి, పిల్ల అలసినప్పుడు ఈ రోజుకు చాలని ఆపగల శిక్షకుడు కావాలి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు పెద్దలు. ఆరేడేళ్ళకే సాధన ఆరంభం కావాలి గనుక ఆ పిల్లకు వసతి, చదువు, వైద్యం కూడా ఆ ఆవరణలోనే అమరాలి. సక్రమమైన వ్యాయామశాల అంటే సగం బడి, సగం వసతిగృహం.

ఇది ఊహాచిత్రం కాదు. వినోబా భావే అనుయాయి ధర్మపాల్ సైనీ 1976లో బస్తర్ చేరుకుని, జగదల్‌పూర్ సమీపంలోని డిమ్రాపాల్‌లో మాతా రుక్మిణి సేవా సంస్థాన్ ద్వారా గిరిజన బాలికలకు ఆశ్రమ పాఠశాలలు నడిపారు. ఉండడానికి చోటు, తినడానికి తిండి, చదువు ఉన్నచోట ఆటలు కూడా పెరిగాయి. ఆ బాలికలు పరుగుపందాలలో పేరు తెచ్చుకున్నారు. ఆయనకు 1992లో పద్మశ్రీ లభించింది. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరలో ఉన్న సి.ఆర్.పి.ఎఫ్. జవానును విడిపించడానికి వెళ్ళిన మధ్యవర్తులలో ఆయన ఒకరు. తుపాకులు పట్టిన ఉభయపక్షాలూ ఆయన మాట వినడానికి ఆ ఆశ్రమంలో దశాబ్దాలపాటు సాగిన సేవ కూడా కారణమై ఉంటుందని నా అభిప్రాయం.

హైదరాబాద్ అనుభవం కూడా ఈ సత్యాన్నే చెబుతున్నది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్ వాల్ట్‌లో కాంస్యం గెలిచి, ప్రపంచ కప్ జిమ్నాస్టిక్స్‌లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయురాలైన బుద్దా అరుణారెడ్డి వెనుక, ఆమెను చిన్ననాడే ఈ విద్యలో పెట్టిన తండ్రి ఉన్నాడు, నగరం నడుమ లాల్ బహదూర్ స్టేడియం ఉంది. అబూజ్‌మఢ్ పిల్లకు ఆ రెండూ ప్రభుత్వమే కావాలి.

ఇప్పుడున్న సహాయం ప్రతిభ రుజువైన తర్వాతనే చేరుతున్నది. మల్లఖంబ్ ‘ఖేలో ఇండియా’ యువజన క్రీడలలో చేరింది. ఆ పథకం కింద ఎంపికైన క్రీడాకారునికి నెలకు 10 వేల రూపాయల భత్యం ఉంది. అది మంచిదే. ఎంపిక కాకముందు ఆ పిల్లను పోషించేదెవరు? నిధులు లేవన్న జవాబు చెల్లదు. 2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధులలో విద్యకూ, స్త్రీ శిశు సంక్షేమానికీ ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రమే నిర్దేశించింది. జగదల్‌పూర్‌లో పైకప్పు గల శిక్షణశాల, జీతం మీద పనిచేసే శిక్షకులు, వారిలో తప్పనిసరిగా మహిళలు, బాలికల వసతికి బాధ్యురాలైన సంరక్షకురాలు కావాలి. వైద్య కళాశాల డిమ్రాపాల్‌లోనే ఉంది గనుక ఎముకల వైద్యుని వారానికి ఒకసారి పంపడం కష్టం కాదు. ఒక జవాను బదిలీ అయితే మూతపడే సంస్థను సంస్థ అనలేము.

మరొక్క మాట. ఈ పిల్లలను శాంతిభద్రతల విజయానికి సాక్ష్యంగా వేదికలెక్కించే అలవాటు మానుకోవాలి. వీరిలో నూటికి తొంభై మందికి ఏ పతకమూ రాదు. మణికట్టు బెణికి పదిహేనేళ్ళకే ఆట మానిన పిల్ల పదో తరగతి పాసై, తన కాళ్ళమీద తాను నిలబడగలిగిందా లేదా అన్నదే ఈ వ్యాయామశాలలకు అసలైన పరీక్ష. ఈసారి జగదల్‌పూర్ సభకు వెళ్ళే మంత్రిని ఆ లెక్క అడగాలని నేను నిశ్చయించుకున్నాను. ఆ జవాబు ఏదైనా, ఈ సారి నాలుగు పేరాలు దానికే కేటాయిస్తాను.